పదమూడు పాయింట్ రెండు

ఉదయగిరి బస్టాండు వెనక, కాలేషా షెడ్డులో
పాత బ్యాటరీని కాటా మీద పెట్టారు.
ఇరవై ఎనిమిది కిలోలు.
సీసం ధర కట్టి నోట్లు చేతిలో పెడితే
లెక్క చూసుకోకుండానే జేబులో కుక్కుకున్నా.

ఆరేళ్లు జీపులో నా వెనక కూర్చుని
గొర్రెల మందుల పెట్టెని చల్లగా ఉంచిన మనిషి.
మనిషనే అంటా.
మూతలు విప్పి నీళ్లు పట్టేవాణ్ణి,
పచ్చగా పొంగిన టెర్మినళ్లకి సోడా నీళ్లు పోసి
పళ్లు తోముకునే బ్రష్షుతో తోమేవాణ్ణి.
నా ప్యాంట్లన్నిటికీ తొడ మీద యాసిడ్ తిన్న చిల్లులు.
"ఎవురయ్యా నీ మీద చుట్ట ఆర్పింది?"
అని నవ్వేది మా పెంచలమ్మ.

కొత్తది నీలం డబ్బా. పదకొండు కిలోలు.
పెంచలమ్మ చీటీ పాడిన డబ్బంతా అందులోనే ఉంది.
ఒంటిచేత్తో ఎత్తి చూసి
"ఖాళీ డబ్బా అంటగడతా ఉండావా?" అన్నా.
కాలేషా నవ్వలేదు. చేతిలో వైరుంటే వాడు నవ్వడు.
"అన్నా, దీనికి దాహం జాస్తి.
నేరుగా కలిపితే నీ డైనమో మాడిపోద్ది" అని
మధ్యలో ఒక రెక్కల పెట్టె బిగించాడు.
ఎంత పొయ్యాలో అంతే పోసే కాపలాదారంట.
బానెట్ కింద పెట్టొద్దన్నాడు, వేడికి ఓర్చుకోదంట.
రోహిణి కార్తెలో సీతారాంపురం రోడ్డు మీద
ఓర్చుకునేది ఎవురు గనక!
సీటు కింద చోటిచ్చాం.

వెలిగొండ దిగువన ఆదెమ్మ వాళ్ల మంద కాడికి
పారుడు రోగం టీకాలు తీసుకుపోయాం.
ఆ రాత్రే వాన. వాగు దాటనియ్యలేదు.
రెండు పగళ్లు, మూడో రాత్రి.
డాక్టరమ్మ హైమావతి గంటకోసారి అడిగేది.
నేను మీటరు చూసి చెప్పేవాణ్ణి.
పదమూడు పాయింట్ రెండు.
కాపర్లందరూ ఫోన్లు ఛార్జింగు పెట్టుకున్నారు.
పదమూడు పాయింట్ రెండు.
ఎంత మంచి బిడ్డ, అనుకున్నా,
అలిసినట్టు మొహం కూడా పెట్టదు.

పాతదైతే ముందే చెప్పేది.
లైటు పసుపెక్కేది,
ఫ్రిజ్జు మోటారు ముసలాయన మెట్లెక్కినట్టు మూలిగేది,
"ఇంక నా వల్ల కాదురా" అని
రెండు గంటల ముందు నుంచీ సణిగేది.

ఆ తెల్లవారుజామున నన్ను లేపింది చప్పుడు కాదు,
చప్పుడు లేకపోవడం.
కప్పలు అరుస్తుండాయి, గొర్రెలు నెమరేస్తుండాయి.
మీటరులో అంకె లేదు.
తగ్గలేదు, మసకబారలేదు,
మాట మధ్యలో ఫోను పెట్టేసినట్టు పోయింది.

ఇంజిన్ తిప్పా. కాపలా పెట్టె ఒక్క చుక్క పొయ్యలా.
అవతల ప్రాణం కనపడందే పొయ్యదంట అది.
ఫోనులో కాలేషా ఆవలిస్తానే చెప్పాడు:
"ముందు బ్యాటరీ నుంచి వైరు ముట్టించన్నా,
దానంతటది లేవదు."

బానెట్ ఎత్తా. ముందుండేది సీసందే,
ఏడేళ్లది, పక్క ఉబ్బింది.
టార్చి పళ్ల మధ్య పెట్టుకుని వైర్లు కలిపా.
ముసలిది ముట్టుకుంటే గానీ
కుర్రది కళ్లు తెరవలేదు.

డాక్టరమ్మ థర్మామీటరు చూసి ఏమీ అనలేదు.
పైవరస సీసాలు మాత్రం
ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది.
తెల్లారి వరసలో చివరికొచ్చేసరికి
ఆదెమ్మ ఇరవై గొర్రెలు మిగిలిపోయినాయి.
"మళ్లీ మంగళవారం" అంది డాక్టరమ్మ.
ఆదెమ్మ జీపు వైపు చూసింది, నా వైపు కాదు.
అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఇప్పుడు అంకెని నమ్మను.
పోసిందెంత, వాడిందెంత, పాకెట్ బుక్కులో రాస్తా,
పాల లెక్క రాసినట్టు.

సోమవారం రాత్రి బండి తుడుస్తుంటే
సీటు కింద డిస్టిల్డ్ వాటర్ క్యాను దొరికింది.
సగం ఉంది.
కొత్తదానికి మూతలే లేవు, ఎక్కడ పొయ్యను?
బానెట్ ఎత్తి ముందుదానికి పోశా.
గీత దాకా చాలు.
ఒక చుక్క ఎక్కువే పోశాననుకుంటా.